ప్రపంచ టైటిల్ చేతికందే వేళ ఓడెక్కేశాడు.. అనాథ పిల్లలకిచ్చిన మాట కోసం! సాటిలేని బాక్సర్ జిమ్ డ్రిస్కాల్ కథ ఇదీ

1909 ఫిబ్రవరి 19, న్యూయార్క్. ప్రపంచ ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ ఏబ్ అటెల్ ఒకవైపు.. వేల్స్ నుంచి సముద్రం దాటి వచ్చిన ఓ బక్కపల్చని బాక్సర్ ఇంకోవైపు. పది రౌండ్ల ఫైట్ అది. ఆ పది రౌండ్లలో ఛాంపియన్‌కి చుక్కలు చూపించాడు ఆ బక్కోడు. మర్నాడు న్యూయార్క్ పేపర్లు తిరగేసిన వాళ్లకి ఎవరు గెలిచారన్న డౌటే రాలేదు. అయినా టైటిల్ మాత్రం అటెల్ దగ్గరే ఉండిపోయింది. ఇంకోసారి ఫైట్ పెడతాం, ఇక్కడే ఉండిపో అంటూ అమెరికా ప్రమోటర్లు వెంటపడ్డారు. గెలిస్తే ప్రపంచ కిరీటం, దాంతోపాటు బోలెడు డబ్బు. కానీ అతను ఆగలేదు. పెట్టె సర్దుకుని ఓడెక్కేశాడు. ఎందుకో తెలుసా? సొంతూళ్లో అనాథ పిల్లల ఆశ్రమం కోసం చారిటీ షోలో ఆడతానని ముందే మాటిచ్చాడు మరి!

అతనే జిమ్ డ్రిస్కాల్. బాక్సింగ్ చరిత్రలో పీర్‌లెస్ జిమ్.. అంటే సాటిలేని జిమ్. ప్రపంచ ఛాంపియన్ల లిస్టులో అతని పేరు వెతకడం కష్టం. కానీ అతను చనిపోయిన రోజున లక్ష మంది జనం రోడ్ల మీదకొచ్చి నిలబడ్డారు. ఒక్క టైటిల్ వదులుకున్న మనిషికి ఇంత గౌరవం ఎలా దక్కింది? తెలుసుకోవాలంటే వందేళ్ల కిందటి కార్డిఫ్‌కి వెళ్లాల్సిందే.

కార్డిఫ్‌లో ఓ చిన్న ఐర్లాండ్

మన క్రికెట్ ఫ్యాన్స్‌కి కార్డిఫ్ అంటే 2013 ఛాంపియన్స్ ట్రోఫీలో శిఖర్ ధావన్ సెంచరీ కొట్టిన గ్రౌండే గుర్తొస్తుంది. కానీ నూట పాతికేళ్ల కిందట ఆ ఊరికి పేరు తెచ్చింది బొగ్గు. వేల్స్ లోయల్లోని గనుల్లో తవ్విన బొగ్గంతా రైళ్లలో కార్డిఫ్ రేవుకి చేరేది. అక్కణ్నుంచి ఓడల్లో ప్రపంచమంతా వెళ్లేది. 1839లో అక్కడ మొదటి పెద్ద డాక్ తెరుచుకుంది. ఆ డాక్‌లు తవ్విన చేతుల్లో, ఆ తర్వాత సరుకు మోసిన భుజాల్లో ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లవే ఎక్కువ. 1840ల్లో ఐర్లాండ్‌లో బంగాళదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన కరువొచ్చింది. దాంతో ఆకలికి తట్టుకోలేక ఇంకా వేలమంది ఓడలెక్కి వచ్చేశారు.

అలా వచ్చినవాళ్లు స్థిరపడిన పేట పేరు న్యూటౌన్. ఊళ్లోవాళ్లు మాత్రం చిన్న ఐర్లాండ్ అనేవాళ్లు. డాక్‌లకీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కుపోయిన కొన్ని వీధులు.. గోడకి గోడ ఆనుకున్న చిన్న చిన్న ఇళ్లు.. మధ్యలో సెయింట్ పాల్స్ చర్చి. ఒకరింట్లో చావైనా పెళ్లయినా పేటంతా కదిలొచ్చేది. 1880 డిసెంబర్ 15న జిమ్ పుట్టింది ఆ పేటలోనే.

ఏడాది తిరక్కుండానే ఆ ఇంటి మీద పిడుగు పడింది. జిమ్ తండ్రి కార్నీలియస్ రైల్వే గూడ్స్ యార్డులో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. చేతిలో పసిబిడ్డలు.. ఇంట్లో సంపాదన లేదు. తల్లి ఎలిజబెత్ కొంగు బిగించింది. రేవులో ఓడల నుంచి సరుకు దించే కూలికి వెళ్లింది. మగవాళ్లే నడుం పట్టేసిందని మూలిగే పని అది. ఆ కూలి డబ్బులతోనే పిల్లల్ని సాకింది. తండ్రి ముఖం కూడా గుర్తులేని పిల్లాడు ఎలా పెరుగుతాడో జిమ్‌కి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. తర్వాత న్యూయార్క్‌లో అతను తీసుకున్న నిర్ణయం వెనక ఈ బాల్యం ఉందనుకుంటే తప్పేం లేదు.

చిత్తుకాగితాలే గ్లవ్స్

కాస్త ఎదిగాక జిమ్ కార్డిఫ్‌లోని ఓ న్యూస్‌పేపర్ ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరాడు. అక్కడే బాక్సింగ్ పిచ్చి పట్టుకుంది. గ్లవ్స్ కొనే స్తోమత ఎక్కడిది? ప్రెస్‌లో పడేసిన చిత్తుకాగితాలనే చేతులకి చుట్టుకుని తోటి కుర్రాళ్లతో తలపడేవాడు. కాగితం గ్లవ్స్‌తో గట్టిగా కొడితే కొట్టినవాడి చెయ్యే వాస్తుంది. అందుకేనేమో, బలంగా బాదడం కన్నా దెబ్బ తగలకుండా తప్పించుకోవడం, సరిగ్గా చోటు చూసి కొట్టడం మీదే అతనికి మొదట్నుంచీ గురి కుదిరింది.

ఆ రోజుల్లో వేల్స్‌లో బాక్సింగ్ అంటే స్టేడియాలు, లైట్లు, టీవీలు కాదు. గని కార్మికులు తెల్లారకముందే కొండెక్కి, పోలీసుల కంట పడకుండా ఉత్త చేతులతో కొట్టుకునేవాళ్లు. పందేలు కాసేవాళ్లు చుట్టూ నిలబడేవాళ్లు. ఎవడో ఒకడు లేవలేనంత వరకూ ఆ ఫైట్ ఆగేది కాదు. ఇంకోవైపు ఊరూరా తిరిగే బాక్సింగ్ డేరాలు ఉండేవి. మన జాతర్లలో మల్లయోధుల పోటీలు పెట్టినట్టు, అక్కడి సంతల్లో డేరా వేసేవాళ్లు. డేరా ముందు చెక్క మెట్ల మీద బాక్సర్లని వరసగా నిలబెట్టి, దమ్ముంటే వీళ్లతో తలపడండి అని యజమాని అరిచేవాడు. కొన్ని రౌండ్లు నిలబడితే డబ్బులు. గనుల్లో కండలు తిరిగిన కుర్రాళ్లు జబ్బలు చరుచుకుంటూ లోపలికి దూరేవాళ్లు.

అలాంటి డేరాల్లో జాక్ స్కారట్‌ది బాగా పేరున్నది. డ్రిస్కాల్, ఆ తర్వాత జిమ్మీ వైల్డ్ లాంటి వాళ్లు ఆ డేరాలోనే రాటుదేలారు. రోజుకి ఒకరు కాదు, ఇద్దరు కాదు.. వచ్చినవాడితో వచ్చినట్టు ఆడాల్సిందే. ఎదుటోడు తమకంటే ఇరవై ముప్పై కిలోలు బరువున్నా సరే, వెనకడుగు వేస్తే ఆ పూట కూలి లేదు. పెద్ద బరువున్నోడి దెబ్బ ఒక్కటి తగిలినా పని అయిపోతుంది. కాబట్టి తగలకుండా చూసుకోవడమే బతుకుతెరువు అయింది.

అప్పట్లో జిమ్ చేసే ఓ ఫీటు గురించి కార్డిఫ్‌లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. నేల మీద ఓ చేతిరుమాలు పరిచి దాని మీద నిలబడేవాడట. చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేవాడట. తన ముఖం మీద ఒక్క దెబ్బ వేసినవాడికి బంగారు నాణెం అని సవాల్! రుమాలు దాటకుండా తల అటూ ఇటూ తిప్పుతూనే అందరి పంచ్‌లూ గాల్లో కలిపేసేవాడని చెబుతారు. డేరాకి వచ్చేవాళ్లకి అదో వినోదం. జిమ్‌కి మాత్రం అదే స్కూలు.

బ్రిటన్ ఛాంపియన్

1901లో జిమ్ ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యాడు. నిటారుగా నిలబడటం, ఎడమ చేతిని బాణంలా సూటిగా వదలడం.. ఇదీ అతని స్టైల్. అప్పటికి చాలామంది దృష్టిలో బాక్సింగ్ అంటే ఎవడు ఎక్కువ బాదితే వాడిదే గెలుపు. డ్రిస్కాల్ దాన్ని ఓ కళలా మార్చాడు. ఎదుటోడు కొట్టబోయే ముందే అతని ఎడమ చెయ్యి వెళ్లి ముక్కుకి తగిలేది. తిరిగి కొడదామని చూస్తే మనిషి అక్కడ ఉండేవాడు కాదు.

1906లో జో బౌకర్‌ని ఓడించి బ్రిటిష్ ఫెదర్‌వెయిట్ టైటిల్ కొట్టాడు. ఫెదర్‌వెయిట్ అంటే దాదాపు 57 కిలోల లోపు బరువున్నవాళ్ల విభాగం. మరుసటి ఏడాది అదే బౌకర్‌ని ఏకంగా నాకౌట్ చేశాడు. 1908లో న్యూజిలాండ్‌కి చెందిన చార్లీ గ్రిఫిన్‌ని ఓడించి బ్రిటిష్ సామ్రాజ్య టైటిల్ కూడా జేబులో వేసుకున్నాడు. ఇక బ్రిటన్‌లో ఎదురు నిలిచేవాళ్లే కరువయ్యారు. మిగిలింది ఒక్కటే.. ప్రపంచ టైటిల్. అది ఉన్నది అమెరికాలో.

న్యూయార్క్‌లో ఆ రాత్రి

1908 చివర్లో జిమ్ అమెరికాలో అడుగుపెట్టాడు. మ్యాటీ బాల్డ్‌విన్, లీచ్ క్రాస్ లాంటి గట్టి బాక్సర్లతో తలపడ్డాడు. బ్రిటన్ బాక్సర్లంటే చిన్నచూపు చూసే అమెరికా జనం నోళ్లు మూతపడ్డాయి. పీర్‌లెస్ అన్న బిరుదు ఇచ్చింది బ్యాట్ మాస్టర్‌సన్ అని చెబుతారు. ఒకప్పుడు తుపాకీ పట్టి పోలీస్ అధికారిగా పేరు మోసి, తర్వాత న్యూయార్క్‌లో స్పోర్ట్స్ జర్నలిస్టుగా స్థిరపడినాయన ఆ మాస్టర్‌సన్.

ఆ ఊపులోనే అటెల్‌తో ఫైట్ కుదిరింది. ఇక్కడే అసలు చిక్కు ఉంది. అప్పట్లో న్యూయార్క్ చట్టం ప్రకారం పాయింట్లు లెక్కపెట్టి విజేతని ప్రకటించే పద్ధతి లేదు. ఎవరైనా నాకౌట్ అయితేనే ఫలితం. లేదంటే నో డెసిషన్.. అంటే ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అంటే అటెల్ పదో రౌండ్ చివరి గంట కొట్టేదాకా కాళ్ల మీద నిలబడితే చాలు, టైటిల్ సేఫ్. డ్రిస్కాల్‌కి ఇదంతా తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు.

అటెల్ మామూలోడు కాదు. తిమ్మిని బమ్మి చేయగల తెలివైన బాక్సర్. కానీ ఆ రాత్రి అతని తెలివి పని చెయ్యలేదు. డ్రిస్కాల్ ఎడమ చెయ్యి పది రౌండ్లూ అతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. అటెల్ పంచ్‌లు మాత్రం గాలినే కొట్టాయి. ఫైట్ అయ్యాక పేపర్లు డ్రిస్కాల్‌దే పైచేయి అని తేల్చేశాయి. అప్పటి అలవాటు ప్రకారం దీన్ని పేపర్ తీర్పు అనేవాళ్లు. అయితే పేపర్ తీర్పుతో కిరీటం మారదు కదా!

కిరీటమా? మాటా?

సరిగ్గా ఇక్కడే జిమ్ జీవితం రెండు దారుల మధ్యకొచ్చింది. అమెరికాలోనే ఉంటే అటెల్‌తో మళ్లీ ఫైట్ వచ్చే ఛాన్స్. ఈసారి టైటిల్ కొట్టేస్తాడని చాలామంది నమ్మకం. ఇంటికెళ్తే మాత్రం ఆ ఛాన్స్ మళ్లీ వస్తుందో రాదో తెలియదు.

ఇంటి దగ్గర నజరెత్ హౌస్ ఎదురుచూస్తోంది. కార్డిఫ్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆశ్రమం అది. తల్లిదండ్రులు లేని పిల్లలకీ, దిక్కులేని ముసలివాళ్లకీ అదే ఇల్లు. విరాళాలతోనే పొయ్యి వెలగాలి. ఆ ఆశ్రమానికి డబ్బు పోగుచేసే షోలో బాక్సింగ్ చేసి చూపిస్తానని జిమ్ మాట ఇచ్చాడు. అతని పేరు చూసే జనం టికెట్లు కొంటారు. అతను రాకపోతే షో లేదు, డబ్బులూ లేవు.

విమానాలు లేని రోజులవి. అట్లాంటిక్ దాటాలంటే ఓడలో రోజుల తరబడి ప్రయాణం. ఓ ఫైట్ ఆడి వెళ్దాంలే అనుకుంటే టైమ్‌కి చేరడం కుదరదు. జిమ్ పెద్దగా ఆలోచించలేదు. ఓడెక్కాడు. చెప్పిన టైమ్‌కి కార్డిఫ్‌లో రింగ్‌లో నిలబడ్డాడు. పిల్లల కోసం ఆడాడు. ఆ ఆటకి టైటిల్ లేదు, అతనికి వచ్చే డబ్బూ లేదు.

ఆ తర్వాత కూడా అతను అమెరికా వెళ్లాడు. కానీ అటెల్‌తో రెండో ఫైట్ జరగనే లేదు. 1912లో అటెల్ నుంచి ఆ కిరీటాన్ని జానీ కిల్‌బేన్ లాక్కున్నాడు. డ్రిస్కాల్ చేతికి మాత్రం అది ఎప్పటికీ అందలేదు. మాట నిలబెట్టుకోవడానికి అతను కట్టిన ధర అది.

సొంత గడ్డ మీద చేదు రాత్రి

ప్రపంచ టైటిల్ పోయినా బ్రిటన్‌లో అతనికి తిరుగులేదు. లండన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ 1909లో లాన్స్‌డేల్ బెల్ట్ మొదలుపెట్టింది. బ్రిటిష్ బాక్సర్లకి దాన్ని మించిన గౌరవం లేదు. 1910లో ఫెదర్‌వెయిట్ విభాగంలో మొదటి బెల్ట్ డ్రిస్కాల్‌దే. మూడుసార్లు గెలిస్తే బెల్ట్ శాశ్వతంగా సొంతం. 1911కల్లా ఆ పని కూడా పూర్తి చేశాడు.

అయితే ఆ మధ్యలో ఓ మాయని మచ్చ పడింది. 1910 డిసెంబర్ 20.. కార్డిఫ్ స్కేటింగ్ రింక్. ఎదురుగా ఉన్నది ఎవరో కాదు, పొరుగునే ఉన్న పాంటిప్రిడ్ కుర్రాడు ఫ్రెడ్డీ వెల్ష్. ఇద్దరూ వేల్స్ ముద్దుబిడ్డలే, పైగా స్నేహితులు. వెల్ష్ లైట్‌వెయిట్.. అంటే బరువులో జిమ్ కన్నా ఓ మెట్టు పైన. వేల్స్ మొత్తం రెండుగా చీలిపోయింది. నీ మనిషా నా మనిషా అంటూ పేటల్లో, గనుల్లో ఒకటే వాదనలు.

చూడముచ్చటైన ఫైట్ అవుతుందనుకున్నది కాస్తా రచ్చ అయింది. వెల్ష్ దగ్గరికి దూరి పట్టుకోవడం, నడుం వెనక కొట్టడం మొదలుపెట్టాడు. శుభ్రమైన ఆటకి అలవాటు పడ్డ జిమ్‌కి ఒళ్లు మండిపోయింది. రౌండ్ రౌండ్‌కీ కోపం పెరిగింది. పదో రౌండ్‌లో ఇక ఆగలేకపోయాడు. తలతో వెల్ష్‌ని కుమ్మేశాడు. రిఫరీ వెంటనే డ్రిస్కాల్‌ని డిస్‌క్వాలిఫై చేశాడు. బాక్సింగ్‌కే పెద్దమనిషి అనిపించుకున్నవాడు సొంత ఊళ్లో, సొంత జనం ముందు ఫౌల్ చేసి ఓడిపోయాడు. సాటిలేని జిమ్ కూడా మనిషేనని ఆ రాత్రి కార్డిఫ్‌కి తెలిసింది.

1912లో ఫ్రాన్స్ బాక్సర్ జాన్ ప్వాజీని నాకౌట్ చేసి యూరోపియన్ టైటిల్ గెలిచాడు. 1913 జనవరిలో ఓవెన్ మోరన్‌తో 20 రౌండ్లు ఆడి డ్రా చేసుకున్నాడు. ఆ తర్వాత గ్లవ్స్ పక్కన పెట్టేశాడు.

యుద్ధం.. మళ్లీ రింగ్‌లోకి

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జిమ్ సైన్యంలో చేరి, సైనికులకి వ్యాయామం, బాక్సింగ్ నేర్పే ట్రైనర్ అయ్యాడు. జిమ్మీ వైల్డ్, జానీ బాషమ్, బాంబర్డియర్ బిల్లీ వెల్స్ లాంటి స్టార్ బాక్సర్లూ ఆ టీమ్‌లో ఉండేవాళ్లు.

యుద్ధం అయ్యేసరికి ఆరోగ్యం దెబ్బతింది. వయసూ మీదపడింది. అయినా 1919లో మళ్లీ రింగ్ ఎక్కాడు. ఆ ఏడాది అక్టోబర్ 20న లండన్‌లో ఫ్రాన్స్ బాక్సర్ చార్లెస్ లెడూతో ఫైట్. లెడూకి 26 ఏళ్లు. డ్రిస్కాల్‌కి 39 నిండటానికి ఇంకా రెండు నెలలే. పైగా కడుపునొప్పి లోపల తినేస్తోంది.

కానీ ఆ రాత్రి చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. 14 రౌండ్ల పాటు ఆ ముసలి ఎడమ చెయ్యి కుర్రాడికి పాఠాలు చెప్పింది. లెడూ ముందుకి రావడం, దెబ్బ తినడం.. ఇదే వరస. ఇంకొన్ని రౌండ్లు నిలబడితే గెలుపు ఖాయం. సరిగ్గా అప్పుడే 15వ రౌండ్‌లో లెడూ పంచ్ ఒకటి కడుపులో దిగింది. జిమ్ కాళ్లు తేలిపోయాయి. అయినా పడిపోలేదు. 16వ రౌండ్‌లో అతని మనుషులే చూడలేక టవల్ విసిరేశారు. అదే ఆఖరి ఫైట్. ఓడినవాడి కోసమే హాలంతా లేచి నిలబడింది.

లక్ష మంది కన్నీళ్లు

ఆ తర్వాత ఐదేళ్లకే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. 1925 జనవరి 30న కార్డిఫ్‌లో న్యుమోనియాతో జిమ్ కన్నుమూశాడు. అప్పటికి వయసు 44 ఏళ్లే.

అంత్యక్రియల రోజున కార్డిఫ్ ఆగిపోయింది. న్యూటౌన్ నుంచి కాథేస్ శ్మశానం దాకా రోడ్డుకి రెండు పక్కలా దాదాపు లక్ష మంది. సైనిక లాంఛనాలు.. డాక్ కూలీలు, గని కార్మికులు, బాక్సర్లు, చర్చి పెద్దలు. వాళ్లతో పాటు ఊరేగింపులో నజరెత్ హౌస్ పిల్లలు కూడా నడిచారు. 1909లో జిమ్ ఓడెక్కి వచ్చేశాక అటెల్, కిల్‌బేన్ ఆ కిరీటాన్ని మోశారు. కానీ ఇలా పిల్లలు వెంట నడిచే వీడ్కోలు కిరీటంతో వచ్చేది కాదు.

ఆ తరం ఏమైంది?

డ్రిస్కాల్‌తో పాటు వెలిగిన వేల్స్ బాక్సర్ల కథలు కూడా తక్కువేం కాదు. ఫ్రెడ్డీ వెల్ష్ 1914లో ప్రపంచ లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1927లో న్యూయార్క్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా చనిపోయాడు. పోర్త్ కుర్రాడు పెర్సీ జోన్స్ కూడా 1914లోనే ప్రపంచ ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచాడు. కానీ యుద్ధంలో గాయపడి కాలు పోగొట్టుకుని, 1922లో క్రిస్మస్ రోజునే కన్నుమూశాడు. గనిలో పనిచేసి వచ్చిన జిమ్మీ వైల్డ్ బరువు 50 కిలోలు కూడా ఉండేది కాదు. అయినా దాదాపు ఏడేళ్లు ప్రపంచ ఫ్లైవెయిట్ రాజుగా ఏలాడు. 1923లో ఫిలిప్పీన్స్ బాక్సర్ పాంచో విల్లా చేతిలో ఓడాక రింగ్‌కి దూరమయ్యాడు. 1969 వరకూ బతికాడు.

వాళ్లందర్నీ తయారుచేసిన గనులు మూతపడ్డాయి. డేరాలు పోయాయి. 1960ల చివర్లో న్యూటౌన్ ఇళ్లని కూడా కూల్చేశారు. జిమ్ పెరిగిన వీధులు ఇప్పుడు మ్యాప్‌లో లేవు. ఆ పేటవాళ్ల గుర్తుగా ఓ చిన్న తోట మాత్రం మిగిలింది.

అయినా కార్డిఫ్ జిమ్‌ని మర్చిపోలేదు. 1968లో మెర్థర్ టిడ్‌ఫిల్ బాక్సర్ హోవార్డ్ విన్‌స్టోన్ ప్రపంచ ఫెదర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. 1993లో కార్డిఫ్ కుర్రాడే స్టీవ్ రాబిన్‌సన్ అదే విభాగంలో ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. ఆ రెండు రాత్రులూ జిమ్ పేరు తలుచుకోని పాతతరం వాళ్లు ఉండి ఉండరు. 1990లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి బృందంలోనే అతనికి చోటిచ్చింది. 1997లో బ్యూట్ టెర్రస్ దగ్గర, అతను ప్రాక్టీస్ చేసిన బాయ్స్ క్లబ్ ఒకప్పుడు ఉన్న చోటుకి పక్కనే కంచు విగ్రహం పెట్టారు.

కార్డిఫ్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు సిటీ సెంటర్ వైపు వెళ్తే ఆ విగ్రహం కనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి చూడండి. ప్రపంచ ఛాంపియన్లకి విగ్రహాలు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. మాట కోసం ఆ టైటిల్ వద్దనుకుని ఇంటికొచ్చేసినవాడికి ఓ ఊరు కట్టుకున్న విగ్రహం అది.